జీడి గోదాం మేడ మీద కొరియా

నేను కొరియా వెళ్ళలేదు. ఆ మాటకొస్తే నాకు పాస్‌పోర్టే లేదు. అయినా మా పలాసని ఆనుకుని ఉన్న కాశీబుగ్గ బజారులో కూరగాయలు అమ్మేవాళ్ళు ఇప్పటికీ నన్ను కొరియా టీచరుగారనే పిలుస్తారు. మొదట్లో సరిదిద్దేదాన్ని. తర్వాత మానేశాను. వాళ్ళ మాటలో నిజమెంతో అబద్ధమెంతో నాకే సరిగా తెలియదు మరి. ఆ మూడేళ్ళూ మధ్యాహ్నాలన్నీ నువ్వు ఎక్కడున్నావని ఎవరైనా గట్టిగా నిలదీస్తే, పలాసలోనే అని చప్పున చెప్పలేను.

ఇంట్లో మంచం మీద కూర్చుని ఏ దేశానికైనా పనిచేసే ఈ రోజుల్లో టీచర్లవుతున్న మీకు ఇందులో వింతేమీ కనిపించకపోవచ్చు. రెండు వేల సంవత్సరం దాటి ఆరేడేళ్ళయిన ఆ రోజుల్లో మాకది వింతే. మా షావుకారు జీడిపప్పు వ్యాపారి. ఆయన దగ్గర పప్పు కొనే కొరియా ఆసామి ఒకాయన మాటల్లో చెప్పాడట, తమ దేశంలో జనం ఫోనులో ఇంగ్లీషు పాఠాలు చెప్పించుకుంటారని, సియోల్‌లో అలాంటి కంపెనీ తన బంధువుదే ఉందని. షావుకారుకి గోదాం మేడ మీద హాలొకటి ఖాళీగా ఉంది. ఇన్నాళ్ళూ పప్పు పంపాం, ఇక మాటలూ పంపుదాం అనుకున్నాడాయన. కంప్యూటర్లు వచ్చాయి, హెడ్‌ఫోన్లు వచ్చాయి, వాటి ముందు కూర్చోవడానికి మేం ఎనిమిదిమంది ఆడవాళ్ళం వచ్చాం.

నాకప్పటికే నలభై దాటాయి. ప్రైవేటు స్కూళ్ళలో ఇంగ్లీషు చెప్పి చెప్పి గొంతు అరిగిపోయినదాన్ని. పుట్టి పెరిగింది టెక్కలిలో, మిషన్ కాంపౌండు పక్కన. చిన్నప్పుడు సండే స్కూల్లో ఒక దొరసాని దగ్గర అలవడిన ఉచ్చారణ నాది. దాని మీద నాకు కాస్త పొగరు కూడా ఉండేది. అందుకో, నా వయసుకో మరి, మిగతావాళ్ళ మీద నన్ను సీనియరు చేశారు.

కింద ఆడవాళ్ళు జీడిపిక్కలు కొడుతుంటే ఆ చప్పుడు పైకి రాకుండా గోడల నిండా గోనెసంచులు వేలాడదీశాం. కిటికీలు మూసేశాం. అయినా పిక్కలు కాల్చే వాసన మెట్లెక్కి వచ్చేది, రైలు వెళ్తే నేల సన్నగా వణికేది. గోడ మీద రెండు గడియారాలు ఉండేవి. ఒకటి మనది, ఒకటి వాళ్ళది. మనకి మధ్యాహ్నం భోజనాలవేళ అయితే వాళ్ళకి పొద్దు వాలుతూ ఉండేది.

పాఠం పది నిమిషాలు. ఒక గొంతు వెళ్ళిపోయేది, ఇంకో గొంతు వచ్చేది. ముఖం కనిపించదు కాబట్టి చెవులే కళ్ళయిపోయేవి. ఒక టాక్సీ డ్రైవరు కారు పక్కకి ఆపుకుని పాఠం చదివేవాడు. అద్దం మీద వాన తుడిచే కర్ర అటూ ఇటూ తిరగడం వినిపించేది. ఇక్కడ బయట నిప్పులు కురిసే ఎండ, నా చెవుల్లో వాన. ఒక చిన్న పాప పాఠం మధ్యలో ఆగి, మంచు మొదలైందని చెప్పి కిటికీ దగ్గరికి పరిగెత్తింది. అద్దం మీద వేలితో చేప బొమ్మ గీశానంది. ఆ అద్దం చల్లదనం నా వేలికి తగిలినట్టే ఉండేది. సాయంత్రం మెట్లు దిగి రోడ్డు మీదికి వస్తే, ఆటోలు, దుమ్ము, జీడిపొట్టు బస్తాలు. ఇదేమిటి, రోడ్డు మీద మంచు లేదే అని ఒక్క క్షణం తికమకపడేదాన్ని. ఆ తికమక నాకిష్టంగా ఉండేది. ఇంటిదాకా దాన్ని జాగ్రత్తగా తీసుకెళ్ళేదాన్ని.

మా మీద సూపర్‌వైజరుగా సియోల్ నుంచి ఒకామె వచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయేమో. అక్కడ తనూ ఇంగ్లీషు టీచరే. స్టేషన్‌కి దగ్గర్లో ఒక ఇంటి పైభాగం అద్దెకి తీసుకుని ఒంటరిగా ఉండేది. ఎండలో గొడుగు లేనిదే అడుగు బయటపెట్టేది కాదు. కాశీబుగ్గ బజారులో ఆవకాయ జాడీ ఒకటి కొని, అందులో క్యాబేజీకి కారం పట్టించి ఊరబెట్టిందని ఇంటామె ముక్కున వేలేసుకుని అందరికీ చెప్పింది. ఆవకాయ పెట్టే ఊళ్ళో అందులో ముక్కున వేలేసుకోవాల్సింది ఏముందో నాకర్థం కాలేదు. కారం మనదే, జాడీ మనదే.

ఆమెని మేమంతా మేడమ్ అనేవాళ్ళం. మాతో ఇంగ్లీషు తప్ప మాట్లాడేది కాదు. చెడ్డమనిషి కాదు కానీ నియమాల మనిషి. పాఠం పుస్తకంలో ఉన్నట్టే సాగాలి. మొదట పలకరింపు, తర్వాత వాతావరణం, తర్వాత ఆ రోజు అధ్యాయం. విమానాశ్రయం, హోటలు గది, సెలవుల్లో ఏం చేస్తారు, ఇలాంటివి. సొంత ముచ్చట్లు వద్దు. భోజనాలవేళకి హాలు పక్కనున్న తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకునేది. మేం హాల్లో చాప పరిచి క్యారియర్లు విప్పేవాళ్ళం. మొదట్లో తిన్నారా మేడమ్ అని అడిగితే తిన్నానని తల ఊపి తలుపు మూసేది. ఇంకా తిననే లేదని మాకు తెలుసు. అంతటితో అడగడం మానేశాం.

ఇక బారువ పిల్ల సంగతి. సముద్రం ఒడ్డునున్న బారువ నుంచి వచ్చే ఆ అమ్మాయే మాలో అందరికన్నా చిన్నది. తండ్రి సముద్రం మీదికి వెళ్ళేవాడు, తల్లి ఒడ్డున చేపలు ఎండబెట్టేది. సోంపేటలో డిగ్రీ చదివింది. వాళ్ళ పేటలో కుర్చీలో కూర్చుని ఉద్యోగం చేసిన మొదటి ఆడపిల్ల. మా పిల్ల కొరియావాళ్ళకి చదువు సెప్తందని తండ్రి ఒడ్డున ప్రతి పడవవాడికీ చెప్పుకునేవాడట. ఈ ఉద్యోగం పోతే మళ్ళీ తల్లి పక్కన ఇసకలో కూర్చుని చేపలు తిరగెయ్యాలి. అందులో తప్పేమీ లేదని ఆ అమ్మాయే అనేది, కానీ అనేటప్పుడు ముఖం చూడగలిగేదాన్ని కాదు.

చేరిన కొత్తలో ఒకసారి ఇంటి నుంచి ఎండు నెత్తళ్ళు పొట్లం కట్టి మేడమ్‌కి తెచ్చింది. వేలెడంత కూడా ఉండని చిన్న చేపలవి. మేడమ్ ఆ పొట్లాన్ని రెండు చేతులతో అందుకుని, తల వంచి, వాసన చూసి, చాలాసేపు అలాగే నిలబడింది. తమ ఊళ్ళో చారు వీటితోనే కాస్తారంది. అంతే, మళ్ళీ తలుపు వేసుకుంది.

ఆ పిల్ల ఇంగ్లీషు బాగానే ఉండేది. చిక్కల్లా ఒకటే. మన వైపు మనుషులు ఎదురుపడితే మొదట అడిగేదేమిటి? తిన్నావా అని. రెండోది, ఏం కూర అని. ఇంటికి ఎవరొచ్చినా, దారిలో ఎవరు కలిసినా, ఫోనులో అయినా, ఈ రెండూ అయితే గానీ మాకు అసలు మాట పెగలదు. మిగతావాళ్ళం నియమాలకి భయపడి నోరు కట్టేసుకున్నాం. బారువ పిల్ల మాత్రం ఆపుకోలేకపోయింది. లైను కలవగానే "డిడ్ యూ ఈట్?" అనేది. అవతలివాళ్ళు అవునంటే "విచ్ కర్రీ?" అనేది. వాళ్ళు చెప్పాక తన క్యారియర్‌లో ఏముందో తను చెప్పేది. మేడమ్ రెండుసార్లు పిలిచి మందలించింది. ఆ పిల్ల సరేనంది, మర్నాడు మళ్ళీ అడిగింది. బుద్ధిపూర్వకంగా కాదు, పాపం. ఆ మాట అడగకపోతే గొంతులో ఏదో అడ్డుపడుతున్నట్టు ఉంటుందని నాతో చెప్పుకుంది.

ఆ పిల్ల విద్యార్థుల్లో ఒక పెద్దావిడ ఉండేది. ఎక్కడో సముద్రం ఒడ్డున పల్లెటూరు. కొడుకు ఆమెని పాఠాల్లో చేర్పించాడు. చేరిందే గానీ నోరు మెదిపేది కాదు. ఎస్, నో, మళ్ళీ నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో పొయ్యి మీద ఏదో ఉడుకుతుండేది, కత్తిపీట మీదో చెక్క మీదో టకటకా తరుగుతున్న చప్పుడు వినిపించేది. పెదవి విప్పని విద్యార్థి అంటే కంపెనీ లెక్కలో టీచరు చేతకానితనం. ఆవిడని ఇంకొకరికి మార్పించుకోమని నేనే సలహా ఇచ్చాను.

"వద్దు పిన్నీ," అంది బారువ పిల్ల. "ఆవిడ అన్నీ ఇంటంది. మా ఇంట్లో కూర సంగతి సెప్తంటే తరగడం ఆపేత్తాది. సెప్పడం అయ్యాక మళ్ళీ మొదలెడతాది."

నేను నవ్వాను. కత్తి ఆగడం కూడా ఇంగ్లీషేనా అని ఆటపట్టించాను.

చలికాలం అయిపోయే రోజుల్లో పరీక్ష వచ్చిపడింది. సియోల్ నుంచి కంపెనీ యజమానే ఒక మధ్యాహ్నం లైనులో కూర్చుని ఒక్కొక్కరి పాఠం వింటాడట. పాఠం బాగోలేనివాళ్ళకి ఆ రోజే ఆఖరు. వారం ముందే మేడమ్ నన్ను గదిలోకి పిలిచింది. బారువ పిల్ల పాఠాల్లో భోజనం తప్ప ఏమీ ఉండటం లేదని, ఆ మాట యజమాని చెవిన పడితే తను కాపాడలేనని అంది. ఆమె ముఖంలో కోపం లేదు. దిగులు ఉంది. అదే నన్ను భయపెట్టింది.

ఆ రోజు పొద్దున్న ఆ పిల్ల బస్సు దిగి వచ్చేసరికే ముఖం పాలిపోయి ఉంది. మెట్ల మీదే ఆపాను.

"ఓలమ్మీ, ఈ ఒక్క పూట కూర మాటెత్తకే. పుస్తకంలో ఏటుంటే అది అడుగు, అంతే."

"ఎత్తను పిన్నీ. ఒట్టు," అంది. భోజనాలవేళ క్యారియరు విప్పకుండా పక్కన పెట్టేసింది. ఎంత చెప్పినా వినలేదు. ముద్ద దిగట్నేదంది.

యజమాని వింటున్నాడంటే హాలంతా చర్చిలో ప్రార్థనవేళలా అయిపోయింది. సీనియరుని కాబట్టి నాకూ ఒక హెడ్‌ఫోను ఇచ్చారు. మేడమ్ పక్కన కూర్చున్నాను. ఒక్కొక్కరిదీ గడిచింది. నాది కూడా గడిచింది, నా టాక్సీ డ్రైవరు ఆ రోజు మహా చక్కగా మాట్లాడాడు. బారువ పిల్ల వంతు వచ్చేసరికి యజమాని ఎంచుకున్నది ఎవరి పాఠమో తెలిసింది. నోరు విప్పని పెద్దావిడది. మేడమ్ ఏదో చెప్పబోయింది, కానీ అప్పటికే లైను కలిసింది.

అటు పొయ్యి మీద ఉడుకుతున్న చప్పుడు. చెక్క మీద కత్తి. ఇటు బారువ పిల్ల ఒట్టు నిలబెట్టుకుంది. ఎలా ఉన్నారని అడిగింది. జవాబు లేదు. ఈ రోజు వాతావరణం ఎలా ఉందని అడిగింది. జవాబు లేదు. విమానాశ్రయంలో సామాను పోతే ఎవరిని అడగాలి అని పుస్తకంలో ఉన్న ప్రశ్న అడిగింది. ఆ పిల్ల గొంతు సన్నగా, ఎండిపోయి, ఎవరిదోలా ఉంది. కత్తి ఆగిపోయింది. వెనక ఎక్కడో అలల హోరు వినిపించింది. బారువ ఒడ్డున నిలబడితే వినిపించే హోరే అది. ఆ క్షణాన ఏ సముద్రం ఎవరిదో నాకు తెలియలేదు.

అప్పుడు ఆవిడ మాట్లాడింది. మెల్లగా, ఒక్కో మాటనీ చేత్తో తడిమి చూసుకుంటున్నట్టు.

"డిడ్ యూ ఈట్?"

బారువ పిల్ల ఉలిక్కిపడి నా వైపు చూసింది. నేనేం చెప్పను? పుస్తకంలో లేని ప్రశ్న. ఆ పిల్లకి అబద్ధం చటుక్కున రాదు.

"నో," అంది.

"వై నో ఈట్?" ఈసారి గొంతు పెరిగింది. అది పాఠం అప్పజెప్పే గొంతు కాదు, ఇంట్లో పిల్లల్ని కేకలేసే గొంతు. "ఈట్. నౌ. ఐ వెయిట్."

మేడమ్ చెయ్యి లైను కట్ చేసే మీట మీద ఉంది. పాఠం దారితప్పితే కట్ చెయ్యమన్నది ఆమె పెట్టిన నియమమే. నేను ఆ చేతినే చూస్తున్నాను. ఆ చెయ్యి కాసేపు అక్కడే ఉండి, మెల్లగా ఒళ్ళోకి వచ్చేసింది. బారువ పిల్ల వైపు తిరిగి, తినమన్నట్టు తల ఊపింది.

ఇన్నేళ్ళ ఉద్యోగ జీవితంలో నేను ఎన్నో తనిఖీలు చూశాను. ఇలాంటిది ఒక్కటే. ఆ పిల్ల క్యారియరు విప్పింది. సియోల్‌లో యజమాని వింటుండగా, పలాసలో మేమంతా చూస్తుండగా, హెడ్‌ఫోను పెట్టుకునే అన్నం కలుపుకుని ముద్ద నోట్లో పెట్టుకుంది. చప్పుడంతా వినిపిస్తోంది. స్టీలు గిన్నె, వేళ్ళు, నమలడం. అటు ఆవిడ వేచి ఉంది. మధ్యలో ఒక రైలు వెళ్ళింది, గోనెసంచులు కదిలాయి, ఎవరూ దాన్ని దాచే ప్రయత్నం చెయ్యలేదు. ఆ పిల్ల కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి, తింటూనే ఉంది.

కాసేపటికి ఆవిడ అడిగింది.

"విచ్ కర్రీ?"

నెత్తళ్ళు, వంకాయ అని చెప్పింది బారువ పిల్ల. అటు ఆవిడ చిన్నగా నవ్వి, తన పొయ్యి మీద కూడా చేపే ఉందంది. సాయంత్రానికి నలుగురికి వండుతున్నానంది. చేప ఎంతసేపు నానబెట్టాలో, కారం ఎప్పుడు వెయ్యాలో తనకొచ్చిన పది మాటల్లోనే చెప్పుకొచ్చింది. మాట దొరకని చోట కత్తితో చెక్క మీద కొట్టి చూపించింది. ఆ చప్పుడుతో సహా మాకర్థమైంది. పది నిమిషాలు ఎప్పుడో దాటిపోయాయి.

పాఠం అయ్యాక యజమాని లైను వదల్లేదు. ఆవిడతో కొరియా భాషలో మాట్లాడాడు. మేడమ్ వింటూ, నాకోసం గుసగుసగా ఇంగ్లీషులోకి తెస్తూ వచ్చింది. ఇన్నాళ్ళు ఎందుకు మాట్లాడలేదని ఆయన అడిగాడు. ఆవిడ చెప్పింది ఇది: కొడుకు వేరే దేశం అమ్మాయిని పెళ్ళి చేసుకుని ఇంటికి తెచ్చాడు. ఆ కోడలికి మా భాష రాదు, నాకు ఆమె భాష రాదు. ఇద్దరికీ కాస్త ఇంగ్లీషైనా ఉంటే మాట కలుస్తుందని కొడుకు నన్నిందులో పెట్టాడు. మీ పుస్తకం నిండా విమానాశ్రయాలే. నేను ఏ విమానమూ ఎక్కను. నా ఇంట్లో ఒక పిల్ల గదిలోంచి బయటికి రాకుండా కూర్చుంది. ఆమెని ఏమని పిలవాలో నాకు తెలియలేదు. ఈ టీచరు రోజూ నన్ను ఏమని అడుగుతుందో, అదే నేర్చుకున్నాను. తలుపు దగ్గర నిలబడి అడిగాను. నిన్న ఆ పిల్ల బయటికొచ్చి కూర్చుంది.

ఆ మాటలు తెస్తూ మేడమ్ రెండుసార్లు తన గది తలుపు వైపు చూసింది. యజమాని ఈ టీచరు పాఠంలో ఎవరూ వేలుపెట్టొద్దని మాత్రం చెప్పి లైను పెట్టేశాడు.

ఉద్యోగం నిలబడింది. ఇంకో రెండు వర్షాకాలాలు చూసి ఆ హాలే మూతపడింది. వానొస్తే లైను పోయేది, కరెంటు పోయేది, కంపెనీ వేరే దేశం చూసుకుంది. మూతపడే దాకా ఆవిడ బారువ పిల్ల దగ్గరే చదివింది. చివరి నెలల్లో ఆ వంటింట్లో రెండో ఆడగొంతు వినిపించేదని, ఇద్దరూ నవ్వుకునేవారని ఆ పిల్ల చెప్పేది. ఇప్పుడు ఆ పిల్ల ఉద్దానంలో ఒక హైస్కూల్లో టీచరు. క్లాసులోకి వెళ్ళగానే మొదట ఏం అడుగుతుందో మీకు చెప్పక్కర్లేదు. నేను రిటైరయ్యాను. నా ఉచ్చారణ అలాగే ఉంది, పొగరు మాత్రం ఆ మధ్యాహ్నం తర్వాత కాస్త తగ్గింది. కొత్తగా టీచర్లవుతున్న మీకు చెప్పాలనుకున్నది ఇంతే. ఎదుటివాళ్ళు మాట్లాడటం లేదంటే, మనం అడగాల్సింది ఇంకా అడగలేదేమో చూసుకోండి.

ఆ రోజు పాఠాలన్నీ అయ్యేసరికి పొద్దు వాలింది. ఆకలితో కళ్ళు తిరుగుతున్నాయని అందరం చాప పరుచుకుని క్యారియర్లలో మిగిలినవి ముందు పెట్టుకున్నాం. మేడమ్ గది తలుపు తెరుచుకుంది. చేతిలో తన అన్నం డబ్బా, ఇంకో చేతిలో ఆవకాయ జాడీ. చెప్పులు విడిచి, చాప అంచున, బారువ పిల్ల పక్కన సర్దుకుని కూర్చుంది. తన అమ్మ ఫోను చేస్తే మొదట అడిగేది కూడా తిన్నావా అనేనని, ఇక్కడికొచ్చాక రోజూ తిన్నానని అబద్ధం చెబుతున్నానని ఇంగ్లీషులో అంది. తర్వాత కాసేపు మా గిన్నెల వంక చూసింది. మూసిన తలుపు వెనక కూర్చుని ఏడాదిపాటు మా మాటలు విన్నదని నాకప్పుడు తెలిసింది. ఎందుకంటే ఆమె తెలుగులో, అచ్చంగా మా పలాస రాగం తీస్తూ అడిగింది.

"ఏటి కూర?"

బారువ పిల్ల తన గిన్నెలో మిగిలిన నెత్తళ్ళు ఆమె డబ్బాలోకి వంపింది.